సమాజాభివృద్ధి, అంతర్జాతీయ అభివృద్ధి రంగంలో పీజీ చదువు: నల్లగొండ, పాలమూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఈ చదువు గురించి అడిగే ప్రశ్నలను, వాటి సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఫీజులు, గడువు తేదీలు, అర్హత నిబంధనలు ఏటా మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే ముందు ఆయా సంస్థల ఆ సంవత్సరపు ప్రకటనను తప్పకుండా చదువుకోవాలి.

ఈ కోర్సులో అసలు ఏం నేర్పుతారు?

ఒక ప్రాంతం ఎందుకు వెనుకబడింది, అక్కడి ప్రజలు తమ పరిస్థితిని తామే మార్చుకోవడానికి ఏ దారులున్నాయి, ప్రభుత్వ పథకం గానీ విదేశీ నిధి గానీ వారికి ఎంతవరకు తోడ్పడుతుంది, ఎక్కడ కీడు చేస్తుంది అనే ప్రశ్నలను క్రమపద్ధతిలో పరిశీలించడం ఈ చదువు పని. అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం, మానవ శాస్త్రం ఇందులో కలిసి ఉంటాయి. పేదరికం, అసమానత, గ్రామీణ జీవనోపాధులు, స్త్రీల స్థితిగతులు, స్థానిక ప్రభుత్వాలు, వాతావరణ మార్పు వంటి విషయాలతో పాటు, సర్వే ఎలా చేయాలి, ఇంటర్వ్యూ ఎలా తీసుకోవాలి, ప్రాజెక్టు ప్రణాళిక, బడ్జెట్ ఎలా తయారుచేయాలి, పథకం ఫలితాన్ని ఎలా మదింపు చేయాలి అనే పనితనం కూడా నేర్పుతారు. చివర్లో ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక క్షేత్ర పరిశోధన చేసి థీసిస్ సమర్పించడం చాలా కోర్సులలో తప్పనిసరి.

సమాజాభివృద్ధి అంటే ఊరు, బస్తీ, సంఘం స్థాయిలో జరిగే పని. అంతర్జాతీయ అభివృద్ధి అంటే దేశాల మధ్య సాయం, అప్పు, వాణిజ్యం, వలస వంటి వాటి అధ్యయనం. మన దేశంలో ఈ రెండూ మొదటి నుంచీ కలిసే నడిచాయి. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి కార్యక్రమానికి అమెరికా సాంకేతిక సహకారం, ఫోర్డ్ ఫౌండేషన్ సాయం తోడయ్యాయి. ఆ కార్యక్రమంలో ప్రజల భాగస్వామ్యం కరువైందని 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ తేల్చి చెప్పిన తర్వాతే పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చింది. 1959 అక్టోబరులో నెహ్రూ ఆ వ్యవస్థను ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభించినది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లోనే.

ఎమ్మెస్‌డబ్ల్యూకు, దీనికి తేడా ఏమిటి?

ఎమ్మెస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) ఒక వృత్తి విద్య. వ్యక్తితో, కుటుంబంతో, బృందంతో నేరుగా పనిచేసే నైపుణ్యం దాని కేంద్రం. అందుకే వారంలో కొన్ని రోజులు ఆసుపత్రిలోనో, బాలల సంరక్షణ కేంద్రంలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పని ఉంటుంది. అభివృద్ధి అధ్యయనాలలో విధానాల విశ్లేషణకు, పరిశోధనకు ఎక్కువ చోటు ఉంటుంది. గ్రామీణ మేనేజ్‌మెంట్ కోర్సులు సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థల నిర్వహణ వైపు మొగ్గుతాయి. ప్రజలతో నేరుగా మాట్లాడుతూ పనిచేయాలని ఉన్నవారికి ఎమ్మెస్‌డబ్ల్యూ, పథకం ఎందుకు గెలిచిందో ఎందుకు ఓడిందో తెలుసుకోవాలనే తపన ఉన్నవారికి అభివృద్ధి అధ్యయనాలు సరిపోతాయని నా అభిప్రాయం.

మన జిల్లాలకు ఈ చదువుతో ఏమిటి సంబంధం?

చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ సంబంధం ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో కొన్ని మెట్ట గ్రామాలను ఎంచుకుని, అక్కడి కుటుంబాల రాబడి, ఖర్చు, కూలి, పంట, అప్పు వివరాలను ఏళ్ల తరబడి సేకరించింది. మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల గ్రామాలతో పాటు అందులో ఉన్నవి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు. వాన తప్పిన ఏడు ఒక పేద కుటుంబం తిండి ఖర్చును ఎలా నెట్టుకొస్తుంది, చుట్టాలు, ఇరుగుపొరుగు ఒకరినొకరు ఎంతవరకు ఆదుకుంటారు, అప్పు ఎక్కడ దొరుకుతుంది అనే ప్రశ్నలకు ప్రపంచంలోని పెద్ద విశ్వవిద్యాలయాల అర్థశాస్త్రవేత్తలు ఈ ఊళ్ల లెక్కలలోనే జవాబు వెతికారు. అభివృద్ధి అర్థశాస్త్రంలో పీజీ చేసినవారికి ఔరేపల్లి పేరు తారసపడకుండా ఉండడం కష్టం. దోకూరు పక్క ఊళ్లలో పుట్టిన విద్యార్థులకు మాత్రం ఈ సంగతి తెలియదు.

రెండో ఉదాహరణ నల్లగొండ పేరుతోనే ఉంది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. టాంజానియాలోనూ, ఇథియోపియాలోని రిఫ్ట్ లోయలోనూ దీన్ని వాడి చూశారు. రసాయనపరంగా పద్ధతి సరళమైనదే. నీటిలో ఫ్లోరైడ్, క్షారత ఎంత ఉన్నాయో చూసి పటిక మోతాదు నిర్ణయించాలి, రోజూ ఎవరో ఒకరు కలపాలి, పేరుకున్న మడ్డిని సురక్షితమైన చోట పారబోయాలి, పటికకు ప్రతి నెలా డబ్బు కావాలి. ఆ మనిషి ఎవరు, ఆ డబ్బు ఎవరిది అనే ప్రశ్నకు జవాబు లేని చోట ప్లాంట్లు మూలపడ్డాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంటే, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వంటి మండలాల ప్రజలు తరాల తరబడి అంతకు ఎంతో మించిన నీళ్లు తాగి వంకర తిరిగిన కాళ్లతో, బిగుసుకుపోయిన వెన్నుతో బతికారు. చివరికి ఆ ఊళ్లకు ఊరట ఇచ్చినది భూగర్భ జలాన్ని శుద్ధి చేసే ఉపకరణం కాదు. దశాబ్దాల ప్రజా ఆందోళన తర్వాత దూరం నుంచి పైపులలో వచ్చిన కృష్ణా నీరు. సాంకేతికత, నిర్వహణ, రాజకీయ సంకల్పం, ప్రజా ఉద్యమం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో బోధించడానికి ఇంతకన్నా స్పష్టమైన పాఠం ఎక్కడా దొరకదని నేను నమ్ముతాను.

మూడోది మహిళా సంఘాల కథ. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990ల మధ్యలో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని మన దేశంలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాలలో నడిపింది. పొదుపు సంఘాలను గ్రామ స్థాయిలో, ఆపై మండల స్థాయిలో సమాఖ్యలుగా కూర్చడం అక్కడ పరీక్షకు నిలిచింది. 2000 సంవత్సరంలో ప్రపంచబ్యాంకు రుణంతో మొదలైన వెలుగు ప్రాజెక్టు మొదటి దశ ఆరు జిల్లాలలో మహబూబ్‌నగర్ కూడా ఉంది. ఆ అనుభవమే తర్వాత ఇందిరా క్రాంతి పథంగా రాష్ట్రమంతా విస్తరించి, 2011లో కేంద్రం ప్రారంభించిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఒక ముఖ్యమైన నమూనా అయింది. మన ఊరి గ్రామైక్య సంఘం పుస్తకాలు రాసే అమ్మాయి చేతిలో ఉన్న అనుభవం విదేశీ విశ్వవిద్యాలయం తరగతి గదిలో పాఠ్యాంశం.

పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న మొదలైన భూదానం, దేశంలోని ఆనకట్టలు, కాలువల మీద చెమటోడ్చిన పాలమూరు కూలీల వలస, శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లు, నల్లమలలో చెంచుల అటవీ హక్కులు కూడా ఈ శాస్త్రానికి చెందిన విషయాలే. వీటి లెక్కలు సేకరించిన క్షేత్ర సిబ్బందిలో మన భాషవారు ఉన్నా, వాటి మీద వ్యాసాలు రాసి పేరు పొందినవారిలో ఈ ఊళ్ల బిడ్డలు అరుదు. ఆ లోటు తీరాలన్నదే ఈ సమాధానాలు రాయడానికి నన్ను పురిగొల్పిన కారణం.

బీకాం, బీఎస్సీ, బీటెక్ చదివినవారు చేరవచ్చా?

చేరవచ్చు. దేశంలోని, విదేశాల్లోని చాలా అభివృద్ధి కోర్సులు ఏ డిగ్రీనైనా అంగీకరిస్తాయి. వ్యవసాయం, నర్సింగ్, సివిల్ ఇంజినీరింగ్ చదివినవారికి ఈ రంగంలో ప్రత్యేకమైన విలువ ఉంది, ఎందుకంటే చెరువు మరమ్మతు గురించి మాట్లాడే బృందంలో తూము ఎలా పనిచేస్తుందో తెలిసిన మనిషి ఒకరైనా ఉండాలి. వారు కొంచెం ముందుగానే సామాజిక శాస్త్రం, అర్థశాస్త్రం మౌలిక పుస్తకాలు చదువుకుంటే మొదటి సెమిస్టరులో ఇబ్బంది పడరు.

డిగ్రీ అయిన వెంటనే చేరడం మంచిదా, ముందు కొంతకాలం పనిచేయడం మంచిదా?

నన్ను అడిగిన ప్రతి విద్యార్థికీ నేను ఒకటే చెబుతాను: వీలైతే కనీసం రెండేళ్లు క్షేత్రంలో పనిచేసి ఆపై చేరండి. స్వయం సహాయక సంఘం సమావేశంలో కూర్చుని తీర్మానం పుస్తకం రాసిన మనిషికి, ఉపాధి హామీ సామాజిక తనిఖీలో, అంటే పనుల, కూలి చెల్లింపుల లెక్కలను ప్రజల దగ్గరే సరిచూసే పనిలో, మస్టరు రోలు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ తిరిగిన మనిషికి, సిద్ధాంత గ్రంథంలోని ప్రతి పేజీ పక్కన ఒక ముఖం కనిపిస్తుంది. అనుభవం లేకుండా వెళ్లినవారు 'భాగస్వామ్యం', 'సాధికారత' వంటి మాటలను బాగానే నేర్చుకుంటారు గానీ, సర్పంచి భర్తే సభ నడిపే చోట, దళితవాడ నుంచి వచ్చిన స్త్రీలు వెనక వరుసలో నిశ్శబ్దంగా కూర్చునే చోట ఆ మాటలకు ఎంత బరువు ఉందో గుర్తించలేరు. పని మన జిల్లాలోనే వెతుక్కోవచ్చు. ఉపాధి హామీ చట్టం 2006లో మొదటి విడతగా అమలైన జిల్లాలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. సామాజిక తనిఖీకి ప్రత్యేక స్వతంత్ర సొసైటీని ఏర్పాటు చేసినది కూడా అప్పటి ఆంధ్రప్రదేశే. అందువల్ల ఆ పనిలో పండినవారు మన మండలాల్లోనే దొరుకుతారు, వారి వెంట తిరిగి నేర్చుకోవచ్చు. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా, గాంధీ ఫెలోషిప్ వంటివి కూడా డిగ్రీ పూర్తిచేసినవారిని తీసుకుని, భృతి ఇస్తూ గ్రామాల్లో, ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేయిస్తాయి.

దీనికి మరో ఆచరణాత్మక కారణం ఉంది. పూర్తి ఖర్చు భరించే విదేశీ స్కాలర్‌షిప్‌లలో ఎక్కువ భాగం పని అనుభవాన్ని అడుగుతాయి. బ్రిటన్ ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల పని అనుభవం, అంటే దాదాపు రెండేళ్లు, ఉండాలి. స్వచ్ఛంద సేవ, పార్ట్‌టైమ్ పని కూడా ఆ లెక్కలోకి వస్తాయి. జర్మనీలోని విద్యా మార్పిడి సంస్థ డాడ్ అభివృద్ధి సంబంధిత కోర్సులకు ఇచ్చే సాయానికి రెండేళ్లు, ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్లు, జపాన్-ప్రపంచబ్యాంకు ఉమ్మడి స్కాలర్‌షిప్‌కు మూడేళ్లు అవసరం. కనుక పనిచేసిన కాలం వృథా అయిందని ఇంట్లోవారు బాధపడితే, ఈ నిబంధనలను వారికి చూపించండి.

ఇంటి పరిస్థితుల వల్ల ఆగడం కుదరనివారు, ముఖ్యంగా చదువు మధ్యలో ఆపితే పెళ్లి చేస్తారని భయపడే అమ్మాయిలు, వెంటనే చేరడమే సరైనది. వారు వేసవి సెలవులను క్షేత్ర పనికి కేటాయించుకుంటే సరిపోతుంది.

మన రాష్ట్రంలో, దేశంలో ఎక్కడ చదవవచ్చు?

ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాలతో సహా రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ సీట్లు సీపీగెట్ అనే రాష్ట్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. ఎమ్మెస్‌డబ్ల్యూ, సామాజిక శాస్త్రం, అర్థశాస్త్రం ఆ పరీక్షలో ఉంటాయి. ఏ ప్రాంగణంలో ఏ కోర్సు ఆ ఏడాది నడుస్తోందో కౌన్సెలింగ్ సమయంలో చూసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్న విద్యార్థికి ఇది అన్నిటికన్నా తక్కువ ఖర్చు దారి.

హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ప్రాంగణం ఉంది. దాని మాస్టర్స్ ప్రవేశాలకు జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ రాయాలి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ మూలాలు 1958లో ముస్సోరీలో సమాజాభివృద్ధి అధ్యయనం కోసం పెట్టిన కేంద్రంలో ఉన్నాయి. అక్కడి పీజీ డిప్లొమాల ప్రకటనలను గమనిస్తూ ఉండాలి. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎంఏ డెవలప్‌మెంట్ కోర్సుకు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు, వసతి ఖర్చుల్లో సాయం దొరుకుతుంది. పేద కుటుంబాల విద్యార్థులు ఈ అవకాశాన్ని తప్పకుండా పరిశీలించాలి. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో వర్గీస్ కురియన్ స్థాపించిన ఇర్మా (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రూరల్ మేనేజ్‌మెంట్, ఆనంద్) గ్రామీణ మేనేజ్‌మెంట్‌కు పేరున్నది, ఫీజు మాత్రం ఎక్కువ. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునే గ్రామైక్య సంఘాల (వీవో) లెక్కల సిబ్బందికి, అంగన్‌వాడీ టీచర్లకు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దూరవిద్యలో అందించే గ్రామీణాభివృద్ధి ఎంఏ, ఎమ్మెస్‌డబ్ల్యూ అందుబాటులో ఉంటాయి.

విదేశాల్లో ఎక్కడ? మూడేళ్ల డిగ్రీ సరిపోతుందా?

బ్రిటన్‌లో ససెక్స్ ప్రాంగణంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్, లండన్‌లోని సోయాస్, ఎల్‌ఎస్‌ఈ, మాంచెస్టర్, ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయాలు ఈ రంగంలో పేరున్నవి. అక్కడ మాస్టర్స్ ఒక ఏడాదే, మన మూడేళ్ల డిగ్రీని అంగీకరిస్తారు. నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్, వాగెనింగెన్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వ్యవసాయ నేపథ్యం ఉన్నవారికి వాగెనింగెన్ చాలా అనువైనది. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సమాజాభివృద్ధిలోనూ, అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధిలోనూ విడివిడిగా మాస్టర్స్ నడుపుతోంది. అయితే అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు పదహారేళ్ల చదువును అడుగుతాయి కనుక, మూడేళ్ల బీఏ చేసినవారు దరఖాస్తు రుసుము కట్టే ముందే ఆ విభాగానికి ఈమెయిల్ రాసి తెలుసుకోవాలి. ఇక్కడ ఒక పీజీ పూర్తిచేసి వెళితే ఆ అడ్డంకి తొలగిపోతుంది.

ఐరోపా, అమెరికాలనే చూడకుండా, ఢాకాలోని బ్రాక్ విశ్వవిద్యాలయం, బ్యాంకాక్ సమీపంలోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వంటి వాటినీ పరిశీలించమని కోరుతాను. వరి, చేనేత, వలస, సూక్ష్మరుణం వంటి విషయాలలో బంగ్లాదేశ్ అనుభవం మనకు ఎంతో దగ్గరిది.

విదేశీ చదువుకు డబ్బు ఎలా?

బ్రిటన్‌లో ఇలాంటి కోర్సు ఫీజు మామూలుగా 20,000 నుంచి 30,000 పౌండ్ల మధ్య ఉంటుంది. బతుకు ఖర్చు అదనం. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలా కోర్సులకు ట్యూషన్ ఫీజు లేదు గానీ, వీసా కోసం ఏడాది ఖర్చును ముందుగానే ఒక ఖాతాలో చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు.

తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద రూ.20 లక్షల వరకు సాయం చేస్తుంది. దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో చేయాలి. కుటుంబ ఆదాయ పరిమితి, డిగ్రీ మార్కుల శాతం, వయసు, దేశాల జాబితా, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు వంటి నిబంధనలు ఉంటాయి, కుటుంబంలో ఒకరికే వర్తిస్తుంది. డబ్బు విడతలుగా, విద్యార్థి అక్కడికి చేరిన తర్వాత అందుతుంది. కాబట్టి మొదటి సెమిస్టరు ఫీజుకు వేరే ఏర్పాటు ముందే ఉండాలి.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిర్వహించే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు ఉద్దేశించినది. దీని నిబంధనలలో ఒక విషయాన్ని మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనాంశాలు గల కోర్సులకు ఇది వర్తించదని 2022లో షరతు పెట్టారు. తమ సమాజం గురించి తామే పరిశోధించాలనుకునే కూలీ బిడ్డలకు ఈ షరతు తీవ్రమైన అన్యాయం చేస్తుందని నేను భావిస్తాను. దరఖాస్తు చేసే ముందు మార్గదర్శకాలను పూర్తిగా చదివి, ఎంచుకున్న కోర్సు ఆ పరిధిలోకి వస్తుందో లేదో నిర్ధారించుకోవాలి. ఇవి కాక చీవ్‌నింగ్, కామన్‌వెల్త్, ఫెలిక్స్, ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ రుణ రూపంలో సాయం చేస్తుంది.

భూమి తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని వెళ్లవచ్చా?

వద్దని నా సలహా. ఈ రంగంలో తొలి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల వంటివి కావు, చాలా దేశాల్లో చదువు తర్వాత ఉద్యోగ వీసా దొరకడమూ కష్టమే. ముప్పై నలభై లక్షల అప్పుతో తిరిగి వచ్చిన యువకుడు తాను కోరుకున్న పనిలో నిలవలేక, వాయిదాల కోసం సంబంధంలేని ఉద్యోగంలో చేరవలసి వస్తుంది. స్కాలర్‌షిప్ వచ్చే వరకు రెండు మూడు సార్లు ప్రయత్నించడం, లేదా దేశంలోనే మంచి సంస్థలో చదవడం మేలు. కన్సల్టెన్సీలు ఈ మాట చెప్పవు.

నేను తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్‌లో నెగ్గుకురాగలనా?

రాగలరు, అయితే ఏడాది ముందు నుంచీ సాధన కావాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్షలో చాలా కోర్సులు 6.5 లేదా 7 స్కోరు అడుగుతాయి. మాట్లాడడం కన్నా రాయడంలోనే మన విద్యార్థులు ఎక్కువగా తడబడుతున్నారు. దానికి వ్యాకరణ పుస్తకం కన్నా మంచి మందు వాదనను ఒక క్రమంలో పేర్చడం నేర్చుకోవడం, ఆ పని తెలుగులోనూ చేయవచ్చు. మీ మండలంలోని ఒక సమస్య గురించి రెండు పేజీలు తెలుగులో రాసి, ప్రతి వాక్యానికీ ఆధారం ఏమిటని ప్రశ్నించుకుని, ఆపై అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో రాయండి. క్షేత్ర పరిశోధనకు వచ్చేసరికి మీ తెలుగే మీకు పెద్ద ఆస్తి అవుతుంది. మక్తల్ స్త్రీ తన అప్పు గురించి చెప్పే తీరు అనువాదకుని ద్వారా విన్నవారికి సగమే అందుతుంది.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఏం రాయాలి?

ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో దరఖాస్తుతో రాసి పంపే వ్యాసం ఇది. 'చిన్నప్పటి నుంచీ పేదలకు సేవ చేయాలని ఉంది' అని మొదలుపెట్టకండి. ప్రవేశాల కమిటీ అలాంటివి వందల్లో చదువుతుంది. మీరు చూసిన ఒక నిర్దిష్ట సమస్యను, దానిలో మీకు అర్థం కాని చిక్కును రాయండి. ఉదాహరణకు, మిషన్ భగీరథ నల్లా ఉన్న ఇంట్లో కూడా శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు ఎందుకు కొంటున్నారు అనేది మంచి ప్రశ్న. దానికి మీరు ఇప్పటివరకు ఏం చేశారో, ఆ కోర్సులోని ఏ పేపరు మీకు ఎలా ఉపయోగపడుతుందో చెప్పండి. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాను మార్చి రాయడం దొరికిపోతుంది. రికమెండేషన్ లెటర్లను పెద్ద హోదా ఉన్నవారి నుంచి కాకుండా మీ పనిని దగ్గరగా చూసినవారి నుంచి తీసుకోండి.

థీసిస్ మన జిల్లా మీద చేయవచ్చా? ఏ జాగ్రత్తలు కావాలి?

చేయవచ్చు, చేయాలి కూడా. గద్వాల ప్రాంతంలో విత్తనాల కోసం పండించే సీడ్ పత్తి చేలలో బాలల శ్రమ, నారాయణపేట నుంచి ముంబై, పుణేలకు వెళ్లే కుటుంబాల పిల్లల చదువు, దేవరకొండ, చందంపేట తండాలలో తల్లీబిడ్డల ఆరోగ్యం, మూసీ కలుషిత నీటితో సాగుచేసే దిగువ గ్రామాలు, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచుల నివాసాలైన పెంటల తరలింపు ప్రశ్న, ఇవన్నీ లోతైన పరిశోధనకు ఎదురుచూస్తున్నాయి. సీడ్ పత్తినే తీసుకుంటే, రైతుకు, కంపెనీకి మధ్య ఉండే ఆర్గనైజరు ఇచ్చే అడ్వాన్సు దగ్గర మొదలుపెట్టి ప్రపంచ విత్తన మార్కెట్టు దాకా వెళ్లవచ్చు. సమాజాభివృద్ధి, అంతర్జాతీయ అభివృద్ధి రెండూ ఒకే చేనులో కలుస్తాయి.

లెక్కల విషయంలో ఒక జాగ్రత్త. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది, నారాయణపేట 2019లో విడిగా ఏర్పడింది. 2011 జనాభా లెక్కలు పాత జిల్లాలవి. పాత మహబూబ్‌నగర్ అంకెను కొత్త మహబూబ్‌నగర్ అంకెతో పోల్చితే ఫలితం మొత్తం తప్పుతుంది. మండలం స్థాయికి దిగి కూడికలు మళ్లీ వేసుకోవాలి. కొన్ని మండలాలు కూడా విడిపోయాయి కనుక గ్రామాల జాబితాను సరిచూడాలి. ఔరేపల్లి నేడు రంగారెడ్డి జిల్లాలో ఉంది.

మనుషుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చదువురాని వ్యక్తితో సంతకం పెట్టించుకోవడం సమ్మతి కాదు. ఏం అడగబోతున్నారో, ఎందుకో, ఎక్కడ రాస్తారో వారి మాటల్లో వివరించి, కాదనే స్వేచ్ఛ వారికి ఉందని చెప్పాలి. గుంపు మేస్త్రీ ఎదుట కూలీని కూలి రేటు అడగకూడదు. పేర్లు, ఊరి గుర్తులు మార్చి రాయాలి. సర్వేకు వచ్చినవారు పథకం ఇప్పిస్తారనే ఆశ మన ఊళ్లలో బలంగా ఉంది కనుక, మీరు ఏదీ ఇప్పించలేరని మొదటి మాటలోనే చెప్పడం మర్యాద. పరిశోధన పూర్తయ్యాక దాని సారాంశాన్ని తెలుగులో రాసి ఆ ఊరి గ్రామసభలో చదవండి. ఏ విశ్వవిద్యాలయమూ దీన్ని తప్పనిసరి చేయకపోవచ్చు, మీరు చేయండి.

మా అమ్మాయి ఊళ్లు తిరిగే పని చేయగలదా?

ఈ ప్రశ్న తల్లుల నుంచి ఎక్కువగా వస్తుంది, అందులోని ఆందోళన సహజమైనది. మన జిల్లాల్లో పొదుపు సంఘాల పని భుజాన వేసుకున్నది స్త్రీలే. ఇంటి లోపలి సమస్యలను గ్రామీణ స్త్రీలు మరో స్త్రీతోనే మనసు విప్పి చెప్పుకుంటారు కనుక ఈ రంగానికి అమ్మాయిల అవసరం ఎక్కువ. సంస్థలో చేరే ముందు రాత్రి బస, ప్రయాణ ఏర్పాట్లు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ గురించి నేరుగా అడగండి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా ఆ కమిటీని ఏర్పాటు చేయాలి. ఆ ప్రశ్నకు విసుక్కునే సంస్థలో చేరవద్దు.

ఉద్యోగాలు ఎలా ఉన్నాయి? ఐక్యరాజ్యసమితిలో చేరవచ్చా?

గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన సంస్థలు, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాలు, మదింపు చేసే కన్సల్టింగ్ సంస్థలు ముఖ్యమైన చోట్లు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ వల్ల నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఆ వైపు ఉద్యోగాలు పెరిగాయి. విదేశీ నిధుల వైపు దారి ఇరుకైంది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ ఒక సంస్థ మరో సంస్థకు ఆ నిధిని బదిలీ చేయడాన్ని నిషేధించి, పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. మండల స్థాయిలోని చిన్న సంస్థలు పెద్ద సంస్థల ద్వారా వచ్చే డబ్బుతోనే బతికేవి కనుక వాటికి ఈ దెబ్బ గట్టిగా తగిలింది. 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసివేయడంతో ప్రపంచమంతా ఎందరో అనుభవజ్ఞులు ఉద్యోగాలు కోల్పోయారు, వారంతా ఇప్పుడు అవే ఖాళీలకు పోటీపడుతున్నారు. ఈ పరిస్థితి తెలిసే ఈ రంగంలోకి రావాలి.

ఐక్యరాజ్యసమితిలో యువ వృత్తి నిపుణుల పరీక్షకు 32 ఏళ్లు మించనివారై ఉండాలి, ఆ ఏడాది జాబితాలో మన దేశం ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లలో చాలావాటికి భృతి ఉండదు. దేశంలోని కార్యాలయాల్లో జాతీయ సిబ్బందిగా చేరడం ఎక్కువమందికి సాధ్యమయ్యే మార్గం, దానికి కొన్నేళ్ల క్షేత్రానుభవం, గణాంకాల మీద పట్టు అవసరం. మదింపు, డేటా విశ్లేషణ, ఆర్థిక లెక్కలు తెలిసినవారికి ఎక్కడైనా పని దొరుకుతుంది. కాబట్టి లెక్కలంటే భయపడి ఆ పేపర్లను తప్పించుకోకండి.

నేను ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఏ పని ముందు మొదలుపెట్టాలి?

మీ ఊరి పంచాయతీ కార్యాలయానికి వెళ్లి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ప్రతిని అడిగి చదవండి. అందులో రాసిన పనుల్లో ఏవి జరిగాయో, ఏవి ఏ వాడకు చేరలేదో నడిచి చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. మీ అమ్మగారో, పెద్దమ్మగారో సభ్యురాలిగా ఉన్న సంఘం నెలవారీ సమావేశానికి అనుమతి తీసుకుని వెళ్లి కూర్చోండి. ఎక్సెల్‌లో పట్టికలు వేయడం నేర్చుకోండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలలో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోలుతున్నాయో లేదో ఇప్పుడే చూసుకుని, తేడా ఉంటే సరిచేయించుకోండి. పాస్‌పోర్టుకు కూడా ఈ వేసవిలోనే దరఖాస్తు చేయండి.